పరుగెత్తినవాడికి జీతమివ్వండి, లేదా పగ్గం విప్పండి

మొన్న సంక్రాంతికి మా బడిలో చదువుకున్న కుర్రాడొకడు అమెరికా నుంచి ఊరికొచ్చాడు. న్యూజెర్సీలో కంప్యూటర్ ఉద్యోగం. నీలం చొక్కా తొడుక్కుని టీ బంకు దగ్గర కనపడ్డాడు. చొక్కా మీద 26 అంకె. నీలం రంగు చూసి మావాళ్లు మురిసిపోయారు. తీరా అడిగితే అది మన జెండా రంగు కాదు, న్యూయార్క్ జెయింట్స్ అనే ఫుట్‌బాల్ జట్టు రంగు. ఆ 26 అంకె సాక్వాన్ బార్క్‌లీ అనే నల్లజాతి ఆటగాడిది. అతనిప్పుడు ఆ జట్టులోనే లేడు.

"మరి ఈ చొక్కా ఎందుకురా ఇంకా?" అంటే, "డబ్బు పెట్టి కొన్నది గదా మాస్టారూ, పారెయ్యలేక" అన్నాడు. ఆ వెంటనే ఇంకో మాట అన్నాడు. "అయినా జట్టు చేసింది కరెక్టే సార్. రన్నింగ్ బ్యాక్ మీద డబ్బు పొయ్యకూడదు. మోకాళ్లు బాగున్నప్పుడే ఇంకో జట్టుకి అమ్మేసుకుంటే నాలుగు రాళ్లు మిగిలేవి. అది లెక్క సార్, సెంటిమెంటు కాదు."

చొక్కా పారెయ్యడానికి మనసొప్పలేదు గానీ మనిషిని పారెయ్యడానికి లెక్క చెబుతున్నాడు! మా కుర్రాడు చెడ్డవాడు కాడు. అమెరికాలో పత్రికలు, టీవీలు రాత్రింబవళ్లు చెప్పే లెక్కనే వాడూ ఒప్పజెప్పాడు. బంకు దగ్గర కూచున్న పదిమందీ "నిజమే గదా" అని తలూపారు. ఆ తలూపుడు మాకు నచ్చలేదు. అందుకే ఈ వ్యాసం.

మనకెందుకు ఈ గోల అంటారేమో. న్యూయార్క్ ఎక్కడ, మన ఊరెక్కడ? కోట్ల డాలర్లు తీసుకునేవాడి జీతం గురించి కూలోళ్లం మనం మాట్లాడ్డమేమిటి? ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకోం. చివర్లో చెబుతాం. ముందు సంగతేమిటో చూద్దాం.

ఆట ఏమిటి, అతని పని ఏమిటి

అమెరికావాళ్లు ఫుట్‌బాల్ అనేది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోలగా ఉంటుంది. కాలితో తన్నేది తక్కువ. చేత్తో విసిరేది, పట్టుకుని పరుగెత్తేది ఎక్కువ. అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ నాలుగు ప్రయత్నాలు, లేకపోతే బంతి అవతలివాళ్లకి. బంతి ఎటు పోవాలో చూసుకుని విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. అతని చేతిలోంచి బంతి అందుకుని, అడ్డం నిలబడ్డ మనుషుల గోడలోకి దూరిపోయేవాడు రన్నింగ్ బ్యాక్.

మన చెడుగుడులో కూతకు వెళ్లినవాణ్ణి తలుచుకోండి. కాకపోతే ఇక్కడ మీద పడేవాళ్లు ఒక్కొక్కరు నూరు, నూట ముప్పై కిలోల మనుషులు. ఒక్క ఆటలో ఇరవై సార్లు వెళ్లాలి, ఇరవై సార్లు కింద పడాలి. ఏడాదికి 17 ఆటలు. మోకాలు, చీలమండ, భుజం, మెదడు, అన్నీ అరుగుతాయి. అందుకే ఆ పని చేసేవాళ్లలో చాలామంది మూడు పదుల వయసు దాటకుండానే ఇంటికి పోతారు. ఆ పనిలో ఉన్నవాళ్లు దాదాపు అందరూ నల్లజాతివాళ్లే. మొత్తం 32 జట్లు. పట్టణ ప్రజల వాటాలతో నడిచే గ్రీన్‌బే జట్టును పక్కన పెడితే, మిగతా 31 జట్లకూ యజమానులున్నారు. ఆ ప్రధాన యజమానుల్లో నల్లజాతివాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. ఈ సంగతి ఒకచోట గుర్తు పెట్టుకోండి.

పగ్గం ఎలా వేస్తారు

కాలేజీలో ఆడే కుర్రాడు తనకిష్టమైన జట్టుకు పోవడానికి లేదు. ప్రతి ఏడాదీ పిల్లల్ని ఒకచోట చేర్చి ఎత్తు కొలుస్తారు, బరువు తూస్తారు, అరచెయ్యి వెడల్పు కొలుస్తారు, 40 గజాలు పరుగెత్తించి గడియారం చూస్తారు. ఎడ్ల సంతలో పళ్లు లెక్కపెట్టడం చూసినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. తర్వాత జట్లు వరసగా ఒక్కొక్కణ్ణి ఎంచుకుంటాయి. ఎవరు ఎంచుకుంటే వాళ్లదగ్గరే నాలుగేళ్లు. జీతం ఎంతన్నది ఎన్నో నంబరుకు ఎంచుకున్నారన్న దాన్నిబట్టి దాదాపు ముందే ఖాయం. మొదటి వరసలో వచ్చినవాణ్ణి జట్టు ఇష్టపడితే అయిదో ఏడూ ఉంచుకోవచ్చు. మూడేళ్లు నిండేదాకా "నేను బాగా ఆడుతున్నాను, జీతం పెంచండి" అని కాగితం తిరగరాయించుకునే హక్కు అతనికి లేదు.

సరే, నాలుగో అయిదో ఏళ్లు అయ్యాయి. ఇక స్వేచ్ఛేనా? కాదు. అప్పుడు జట్టు చేతిలో ఇంకో పగ్గం ఉంది. దాన్ని ఫ్రాంచైజ్ ట్యాగ్ అంటారు. అది వేస్తే ఇంకో ఏడాది అక్కడే. ఆ స్థానంలో పెద్ద జీతాలున్నవాళ్ల లెక్కను బట్టి కట్టిన ఒక్క ఏడాది జీతం ఇస్తారు. మామూలుగా వేసే ట్యాగ్‌లో వేరే జట్టు అతణ్ణి పిలవాలంటే రెండు మొదటి వరస ఎంపికలు పరిహారంగా ఇచ్చుకోవాలి. ఎవరు పిలుస్తారు? ఈ పగ్గం మూడుసార్లు వెయ్యొచ్చు. జట్టుకు మనసైతే మధ్యలోనే ఇంకో జట్టుకు మార్చేసుకోవచ్చు కూడా. దాన్నే ట్రేడ్ అంటారు. అతని ఒప్పుదల అక్కర్లేదు. అలా మార్చకూడదని కాగితంలో రాయించుకోగలిగిన వాళ్లు బహుకొద్దిమంది.

మా నాన్నల తరంలో పాలేరుతనం తెలిసినవాళ్లు ఈ పత్రిక చదివేవాళ్లలో ఉన్నారు. ఒక ఆసామి దగ్గర ఉన్నవాణ్ణి ఇంకో ఆసామి పెట్టుకోకూడదని ఊళ్లో కట్టుబాటు. మానెయ్యాలంటే ముందు బాకీ తీర్చాలి. అమెరికా ఆటగాడు పాలేరు కాదు, వెట్టివాడు కాదు. అలా అంటే అబద్ధమవుతుంది, వెట్టి చేసినవాళ్లను అవమానించినట్టూ అవుతుంది. కానీ కట్టుబాటు పన్నే తెలివి మాత్రం రెండుచోట్లా ఒకటే. పనివాడు గట్టిగా ఉన్నప్పుడు బేరమాడే వీలు ఉండకూడదు. బేరమాడే వీలొచ్చేసరికి గట్టిగా ఉండకూడదు.

బార్క్‌లీ కథ

ఇప్పుడు ఆ 26 అంకె మనిషి సంగతి. 2018లో న్యూయార్క్ జెయింట్స్ అతణ్ణి రెండో నంబరుకు ఎంచుకుంది. అంత పైన ఎంచుకున్నారు గనక మొదటి నాలుగేళ్లకు 3 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. ఇది దాచం. వచ్చిన ఏడాదే పరుగెత్తింది, పట్టుకున్నది కలిపి 2,028 గజాలు సాధించాడు. 2020 సెప్టెంబరులో మోకాలి లిగమెంటు తెగింది. ఏడాదంతా పోయింది. కోలుకున్నాడు. 2022లో 1,312 గజాలు పరుగెత్తాడు. 2016 తర్వాత మొదటిసారి ఆ జట్టు ప్లేఆఫ్స్‌కు చేరింది.

చేరాక ఏం చేశారు? 2023 మార్చిలో క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్‌కు నాలుగేళ్లకు 16 కోట్ల డాలర్ల కాగితం రాసిచ్చారు. బార్క్‌లీకి పగ్గం వేశారు. ఆ ఏడాది రన్నింగ్ బ్యాక్ పగ్గం ధర కోటీ 91 వేల డాలర్లు. అదే పగ్గం క్వార్టర్‌బ్యాక్‌కు వేస్తే 3 కోట్ల 24 లక్షలు. బంతి పట్టుకునే రిసీవర్‌కు కోటీ 97 లక్షలు. అందరికంటే ఎక్కువ దెబ్బలు తినేవాడికి అందులో సగం!

అదే ఏడాది లాస్ వేగాస్ జట్టులో జోష్ జేకబ్స్ సంగతి చూడండి. 2022లో మొత్తం లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 1,653 గజాలు పరుగెత్తాడు. ఆ పరుగు మొదలవకముందే అతని అయిదో ఏడు మాకొద్దని జట్టు చెప్పేసింది. పరుగెత్తాక చూసుకుని, పోకుండా పగ్గం వేసింది. వద్దన్నదీ వాళ్లే, పోవద్దన్నదీ వాళ్లే.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. మన సామెతకు ఇంతకంటే సాక్ష్యం కావాలా?

2024 మార్చిలో జెయింట్స్ మళ్లీ పగ్గం వెయ్యలేదు. బార్క్‌లీ తన కాళ్లతో నడిచి ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు పోయాడు. మూడేళ్లకు 3 కోట్ల 77 లక్షల 50 వేల డాలర్లు. అప్పుడు "ద్రోహి" అన్న అభిమానులూ ఉన్నారు. జట్టు వదిలేస్తే అది వ్యాపారం, మనిషి పోతే అది ద్రోహం! అతను ఫిలడెల్ఫియాకు పోతే తనకు నిద్ర పట్టడం కష్టమని జెయింట్స్ యజమాని జాన్ మారా తన మేనేజరుతో అనడం టీవీలో అందరూ చూశారు. నిద్ర పట్టదని తెలుసు, అయినా జీతం మాత్రం ఇవ్వలేదు.

2024 అక్టోబరులో బార్క్‌లీ పాత మైదానానికి వచ్చి 176 గజాలు పరుగెత్తాడు. ఈగల్స్ 28, జెయింట్స్ 3. ఆ సీజన్‌లో మొత్తం 2,005 గజాలు. ప్లేఆఫ్స్ కలిపితే 2,504. అంతకుముందు ఎవరూ అంత పరుగెత్తలేదు. 2025 ఫిబ్రవరి 9న, సరిగ్గా తన 28వ పుట్టినరోజున, సూపర్ బౌల్ గెలిచాడు. జెయింట్స్ ఆ సీజన్‌లో 3 గెలిచి 14 ఓడింది. 16 కోట్ల జోన్స్‌ను నవంబరులోనే పంపేశారు. జోన్స్ మీద మాకు కోపం లేదు. అతనూ జీతగాడే. వాడుకుని పంపేశారు.

మేం గెలుపును చూపించి వాదించం

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. "చూశారా, జీతమిచ్చినవాళ్లు గెలిచారు, ఇవ్వనివాళ్లు ఓడారు" అని చప్పట్లు కొట్టి ఊరుకోవడం తేలిక. మేం అలా చెయ్యం. ఫిలడెల్ఫియాలో అతని ముందు దారి చేసే భారీ మనుషులు చాలా గట్టివాళ్లు. న్యూయార్క్‌లోనే ఉండి ఉంటే 2,005 గజాలు వచ్చేవని మేం ప్రమాణం చెయ్యలేం. 2025 మార్చిలో ఈగల్స్ అతనికి ఇంకో రెండేళ్లు పొడిగించి 4 కోట్ల 12 లక్షలు ఇచ్చింది. రన్నింగ్ బ్యాక్‌కు ఏడాదికి సగటున 2 కోట్లు దాటడం అదే మొదలు. ఆ ఏడాది అతని పరుగు బాగా తగ్గింది కూడా. మా కుర్రాడు అది పట్టుకుని "చూశారా సార్, ఇదే నేను చెప్పేది" అన్నాడు.

ఒకవేళ 2024లో మొదటి ఆటలోనే మోకాలు పోయి ఉంటే? అప్పుడు కూడా మా మాట ఇదే. పనివాడికి జీతమివ్వడం జూదం కాదు, గెలిస్తే న్యాయం, ఓడితే తప్పు అనడానికి. పంట పోయిన ఏడు కూలి ఎగ్గొట్టే ఆసామిని మనం ఏమంటాం?

లెక్కలు చెప్పే పెద్దమనుషులకు జవాబు

వాళ్ల మొదటి మాట: "జీతం ఇచ్చేది రేపటి పరుగుకు, నిన్నటి పరుగుకు కాదు. 27 ఏళ్లు దాటినవాడికి రేపు లేదు." వినడానికి నిజంలా ఉంది. ఇదే వాళ్ల గట్టి వాదం కూడా. మేం ఒక్క ప్రశ్న అడుగుతున్నాం. కుర్రాడు 22 ఏళ్లప్పుడు, జీతానికి మించి పరుగెత్తుతున్నప్పుడు, "నా రేపటి పరుగుకు లెక్కకట్టండి" అని అడిగాడా లేదా? అప్పుడేమన్నారు? "నిన్న రాసిన కాగితం ఉంది, నోరు మూసుకో" అన్నారు. 27 ఏళ్లు వచ్చాక "నిన్న పరుగెత్తాను గదా" అంటే, "నిన్నటితో మాకు పనిలేదు, రేపటి సంగతి చూడు" అంటున్నారు. పరుగు పెరిగేటప్పుడు నిన్నటి కాగితం, తరిగేటప్పుడు రేపటి లెక్క. తూకం రాయి రెండు వైపులా వాళ్లదే!

రెండో మాట: "రన్నింగ్ బ్యాక్ పోతే ఇంకొకడు దొరుకుతాడు." దొరుకుతాడు, నిజమే. ప్రతి ఏడూ కాలేజీల నుంచి కొత్త కుర్రాళ్లు వస్తారు. ఇంకొకడు దొరుకుతాడు గనక ఉన్నవాడికి తక్కువ ఇవ్వొచ్చన్నది కొత్త వాదమేమీ కాదు. అడ్డా మీద నిలబడ్డ ప్రతి కూలీ చెవిన పడేదే. అయినా ఒకటి అడుగుతాం. అంత తేలిగ్గా దొరికితే పగ్గమెందుకు? వదిలెయ్యొచ్చు గదా! పనికిరానివాణ్ణి ఎవరైనా కట్టేసుకుంటారా?

మూడో మాట: "అమ్మేస్తే లాభం. చరిత్ర చూడండి." చూద్దాం. 1989 అక్టోబరులో డాలస్ కౌబాయ్స్ తన రన్నింగ్ బ్యాక్ హెర్షెల్ వాకర్‌ను మిన్నెసోటాకు ఇచ్చేసింది. బదులుగా ఆటగాళ్లను, ఎంపికల మూటను తెచ్చుకుంది. ఆ ఏడాది 1 గెలిచి 15 ఓడిన జట్టు, తర్వాత 1992, 1993, 1995 సీజన్లలో సూపర్ బౌల్ గెలిచింది. అమ్మకం గొప్పదనానికి అందరూ చెప్పే ఉదాహరణ ఇదే. కానీ ఆ పాఠంలో రెండో పేజీ ఎవరూ చదవరు. మేం బడిపంతుళ్లం, పేజీ తిప్పడం మా పని.

ఆ బేరంలో వచ్చిన ఎంపికల సాయంతో 1990లో డాలస్ ఎవర్ని తెచ్చుకుంది? ఇంకో రన్నింగ్ బ్యాక్‌నే! పేరు ఎమ్మిట్ స్మిత్. 1993లో అతను తగిన జీతం అడిగాడు. యజమాని జెర్రీ జోన్స్ ఇవ్వనన్నాడు. స్మిత్ ఆటకు రాలేదు. డాలస్ మొదటి రెండు ఆటలూ ఓడిపోయింది. అప్పుడు జోన్స్ దిగివచ్చాడు. నాలుగేళ్లకు కోటీ 36 లక్షల డాలర్లు. స్మిత్ వచ్చాడు. సీజన్ చివరి ఆటలో భుజం కీలు తప్పినా ఆగకుండా 168 గజాలు పరుగెత్తాడు. ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ ఆటగాడూ అతనే, సూపర్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడూ అతనే. 27కే అయిపోతారన్న కులంలోంచి వచ్చి 2004 దాకా ఆడి, మొత్తం 18,355 గజాలు పరుగెత్తాడు. ఆ రికార్డు ఇంకా అతనిదే. అమ్మిన కథ చెప్పేవాళ్లు ఇచ్చిన కథ కూడా చెప్పాలి.

ఇంకొకటి. ఒక్క సీజన్‌లో ఎక్కువ గజాల రికార్డు 2,105. అది 1984లో ఎరిక్ డికర్సన్ సాధించింది. బార్క్‌లీ కూడా దాన్ని దాటలేదు. 1987లో డికర్సన్ జీతం గొడవ పడితే లాస్ ఏంజెలెస్ రామ్స్ ఏం చేసింది? ఇంకో జట్టుకు మార్చేసింది. అంటే ఎంత పరుగెత్తినా సరే, అడిగితే చాలు, అమ్ముతారు.

నాలుగో మాట: "జట్టు మొత్తం జీతాలకు హద్దు ఉంది. ఇతనికి ఎక్కువిస్తే ఇంకొకరికి తగ్గుతుంది." ఇదీ నిజమే. 2023లో ఒక్కో జట్టు జీతాల హద్దు 22 కోట్ల 48 లక్షల డాలర్లు. 2025లో 27 కోట్ల 92 లక్షలు. రెండేళ్లలో హద్దు 5 కోట్లకు పైగా పెరిగింది. ఈ హద్దు ఎవరు పెట్టారు? లీగ్‌కు వచ్చే రాబడిలో సగం కంటే కాస్త తక్కువ ఆటగాళ్లందరికీ కలిపి, మిగతాది యజమానులకు అని ఒప్పందం. ఆ గీత ఇవతల ఆటగాడు ఆటగాడి కంచంలోకి చూడాలి. గీత అవతల ఉన్న కంచాల్లోకి ఎవరూ చూడకూడదు. ఒకే గిన్నెలో గంజి పోసి పదిమందిని కొట్టుకోమనడం మనకు తెలియని విద్యా?

సంఘం పెట్టేవాళ్లు నేర్చుకోవాల్సింది

మన కార్యకర్తలు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. ఆటగాళ్లకు యూనియన్ లేదా? ఉంది. పెద్ద యూనియనే. కాగితం ముగిశాక ఇష్టమైన జట్టుకు పోయే హక్కు వాళ్లకు ఊరికే రాలేదు. 1992లో మినియాపొలిస్ కోర్టులో గెలిచిన కేసు అందుకు దారి తీసింది. ఆ కేసు ఎవరి పేరు మీద నడిచింది? ఫ్రీమన్ మెక్‌నీల్. ఆయన ఏ స్థానంలో ఆడేవాడు? రన్నింగ్ బ్యాక్! ఒక రన్నింగ్ బ్యాక్ కోర్టు మెట్లెక్కి తెరిచిన తలుపులోంచి అందరూ బయటికి నడిచారు. 1993లో రాజీ కుదిరింది. స్వేచ్ఛ వచ్చింది. ఆ రాజీలోనే ఫ్రాంచైజ్ ట్యాగ్ కూడా వచ్చింది. జీతాల హద్దు 1994లో అమలైంది. తలుపు తెరిచినవాడి తమ్ముళ్లే ఇవాళ గడప దగ్గర ఆగిపోయారు.

2011లో ఇంకో రాజీ. యజమానులు ఆట తలుపులు మూసేసి కూచున్నారు. చివరికి కుదిరిన ఒప్పందంలో కొత్తగా వచ్చే కుర్రాళ్ల జీతాలు కుదించారు. ఎందుకంటే ఆ కుర్రాళ్లు అప్పటికింకా యూనియన్‌లో లేరు. గదిలో లేనివాడి కూలి మీద రాజీ పడడం తేలిక. పదేళ్లు ఆడే క్వార్టర్‌బ్యాక్‌కు మొదటి నాలుగేళ్లు తగ్గినా తర్వాత వస్తుంది. నాలుగేళ్లలో ఒళ్లు అరిగిపోయే రన్నింగ్ బ్యాక్‌కు ఆ నాలుగేళ్లే జీవితం. అందరికీ ఒకే సూత్రం పెట్టారు, దెబ్బ మాత్రం ఒకడికే తగిలింది.

ఒంటరిగా ఎదురు తిరిగినవాడి గతి కూడా చూడండి. 2018లో పిట్స్‌బర్గ్ జట్టు లెవియాన్ బెల్‌కు రెండోసారి పగ్గం వేసింది. కోటీ 45 లక్షల డాలర్లు వదులుకుని అతను ఏడాదంతా ఆడలేదు. తోటివాళ్లు అండగా నిలిచారా? కొందరు పత్రికల ముందే దెప్పారు. అతను రాడని తేలిపోయాక అతని అల్మరాలో వస్తువులు తీసి పంచుకున్నారు! యజమాని ఒక్క మాట అనాల్సిన పని లేకపోయింది. 2023 జూలైలో పేరున్న రన్నింగ్ బ్యాకులంతా ఫోన్లలో కలుసుకుని మాట్లాడుకున్నారు. నాలుగు రోజులు పత్రికల్లో వచ్చింది. ఆ వేసవిలో నిబంధన ఒక్కటీ మారలేదు. బార్క్‌లీ చిన్న సర్దుబాటుతో ఒక ఏడాది కాగితం మీద సంతకం పెట్టి పనిలోకి పోయాడు. ఒకే పని చేసేవాళ్లు మాత్రమే కలిస్తే సరిపోదు. పక్క పనివాడు కూడా పని ఆపితేనే యజమాని తలెత్తి చూస్తాడు.

కోట్లున్నవాడి కోసం మనమెందుకు?

మొదట్లో వదిలేసిన ప్రశ్నకు వచ్చాం. ఇంతటి జీతాలున్నవాళ్ల కోసం మనం కన్నీళ్లు పెట్టాలా? అక్కర్లేదు. బార్క్‌లీకి మన కన్నీళ్లతో పనిలేదు. ఉపాధి కూలి కోసం నెలల తరబడి ఎదురుచూసే మనిషికీ అతనికీ పోలిక తెస్తే మమ్మల్ని మా వాడే తిడతాడు.

కానీ జీతం ఎంతన్నది ఒక ప్రశ్న, మనిషి ఎవరి సొత్తు అన్నది ఇంకో ప్రశ్న. మొదటిది పెద్దదైతే రెండోది మాసిపోదు. ఈ మాట మేం కనిపెట్టింది కాదు. బేస్‌బాల్ అనే ఆటలో కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాడుండేవాడు. సెయింట్ లూయిస్ జట్టుకు 12 సీజన్లు ఆడాడు. 1969 అక్టోబరులో అతణ్ణి అడక్కుండానే ఇంకో ఊరి జట్టుకు మార్చేశారు. అతను పోనన్నాడు. అటూ ఇటూ తోలడానికి తాను ఆస్తిని కానని ఆ డిసెంబరులో బేస్‌బాల్ కమిషనర్‌కు ఉత్తరం రాశాడు. ఏడాదికి 90 వేల డాలర్లు తీసుకుంటూ ఈ మాటలేమిటని టీవీలో అడిగితే, జీతం ఎంత బాగున్నా బానిస బానిసేనన్న అర్థంలో జవాబిచ్చాడు. సుప్రీంకోర్టు దాకా పోయి 1972లో 5-3 తీర్పుతో ఓడిపోయాడు. ఆ పోరాటంలోనే అతని ఆట బతుకు ముగిసిపోయింది. మూడేళ్లకు, 1975లో, మధ్యవర్తి తీర్పుతో మిగతా ఆటగాళ్లకు ఆ పగ్గం తెగింది. ఓడినవాడు దున్నాడు, తర్వాతివాళ్లు కోసుకున్నారు.

ఫ్లడ్‌ను ఏ ఊరికి అమ్మారో తెలుసా? ఫిలడెల్ఫియాకు. 55 ఏళ్ల తర్వాత బార్క్‌లీ పోయిందీ అదే ఫిలడెల్ఫియాకు. ఊరు ఒకటే. ఒకణ్ణి తోలబోయారు, ఇంకొకడు తానే నడిచి వెళ్లాడు. "అమ్మాలా, జీతమివ్వాలా" అని లెక్కలేసే పెద్దమనుషులకు ఈ రెంటి మధ్య తేడా కనపడదు. ఎందుకంటే ఆ ప్రశ్నలో పరుగెత్తేవాడు లేడు. అమ్మేవాడు, కొనేవాడు మాత్రమే ఉన్నారు.

కనుక మేం చెప్పేది మూడు మాటలు. జట్టుకు అతని పరుగు కావాలంటే ఆ పరుగుకు తగ్గ జీతమివ్వాలి, పరుగు ఉన్నప్పుడే ఇవ్వాలి. ఇవ్వలేకపోతే పగ్గం వెయ్యకుండా వదిలెయ్యాలి, కొనేవాడి గడప అతనే వెతుక్కుంటాడు. ఇంకో జట్టుకు మార్చాలనుకుంటే ముందు అతణ్ణి అడగాలి, వద్దంటే ఆగాలి.

సంక్రాంతి సెలవులు అయిపోయి మా కుర్రాడు తిరిగి పోయే రోజున బస్టాండు దగ్గర మళ్లీ కలిశాడు. వాడి కంపెనీలో నలభై దాటినవాళ్లను తీసేస్తున్నారని, ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోకపోతే వీసా చిక్కేనని మెల్లగా చెప్పాడు. "నువ్వు పోతే ఇంకొకడు దొరుకుతాడు గదరా, అది లెక్క, సెంటిమెంటు కాదు" అని మేం అనలేదు. అనాలని నోటిదాకా వచ్చింది గానీ, మింగేశాం. వాడికే తట్టినట్టుంది. బస్సెక్కుతూ, "ఆ బార్క్‌లీ విషయం ఇంకోసారి ఆలోచిస్తాను మాస్టారూ" అన్నాడు.

బంకు దగ్గర తలూపిన పదిమందీ కూడా ఇంకోసారి ఆలోచించాలని ఇది రాశాం. ఎక్కడి మనిషి గురించైనా సరే, "అమ్మేస్తే లాభం" అన్న మాట వినపడితే ముందు తలూపకండి. అమ్మేవాడెవడో అడగండి.